అమ్మాయిలు దిగిన పది నిమిషాలకు

మా కాలేజీలో మొత్తం నలభై ఒక్క నిబంధనలున్నాయి. వాటిలో ఇటలీ దాకా వెళ్ళొచ్చింది పద్నాలుగోది ఒక్కటే. దాంతోపాటు పన్నెండుమంది అబ్బాయిలు, ముప్పై ఎనిమిది కిలోల యంత్రం, మూడు కిలోల ఎండుమిరపకాయలు కూడా వెళ్ళొచ్చాయి. వాళ్ళను తీసుకెళ్ళిన మెకానికల్ లెక్చరర్‌ని నేనే కాబట్టి జరిగింది చెప్పే బాధ్యత నాదే.

ముందు ఆ నిబంధన వినండి.

"బస్సు, లిఫ్టు, మెట్లు, తరగతి గది మొదలగు ఏ ప్రదేశము నుండైననూ విద్యార్థినులు ముందుగా నిష్క్రమించవలెను. చివరి విద్యార్థిని నిష్క్రమించిన పది నిమిషముల అనంతరము మాత్రమే విద్యార్థులు నిష్క్రమించవలెను. ప్రవేశమునకును ఇదియే వరుస."

గుంటూరు–చిలకలూరిపేట రోడ్డు మీదున్న మా క్యాంపస్‌లో దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. రెండు గేట్లు, రెండు క్యాంటీన్లు, రెండు జిరాక్స్ మిషన్లు ఉన్నాయి. లైబ్రరీలో పెద్ద నిఘంటువు మాత్రం ఒక్కటే కావడంతో, సోమ బుధ శుక్రవారాల్లో అమ్మాయిలు, మిగతా రోజుల్లో అబ్బాయిలు అర్థాలు తెలుసుకునేవారు.

ఈ ఏడాది పక్క కాలేజీవాళ్ళు తమ పిల్లల్ని సింగపూర్ తీసుకెళ్ళారు. వారం తిరక్కుండా మా నోటీసు బోర్డులో "అంతర్జాతీయ అనుభవ యాత్ర – యూరప్" అని కాగితం పడింది. ప్రిన్సిపాల్ డాక్టర్ భుజంగరావు గారు నన్ను పిలిపించారు.

"పట్టాభి గారూ, ఖండం మారవచ్చు. క్రమశిక్షణ మారరాదు."

"అలాగే సార్."

"అమ్మాయిలకు దమయంతి మేడమ్ ఇన్‌చార్జి. అబ్బాయిలకు మీరు. మీరిద్దరూ పరస్పరం మాట్లాడుకోవలసి వస్తే మన ఆఫీసు ద్వారా మాట్లాడుకోవాలి. స్టాఫ్ ఆదర్శంగా ఉండాలి కదా!"

నా ఉద్యోగం పర్మనెంట్ కావడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఆదర్శంగా ఉంటానన్నాను.

అందరికీ ఇది విహారయాత్రే. ఒక్క పరిమళకి మాత్రం కాదు.

పరిమళ ఫైనలియర్ అమ్మాయి. వాళ్ళమ్మ నాంచారమ్మ మిరప షెడ్లో కాయలకు తొడిమలు తీసే కూలీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తొడిమలు తుంచితే చేతులు నిప్పుల్లా మండుతాయి. ఇంటికొచ్చాక పెరుగు గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చునేది. అన్నం పరిమళే కలిపి తినిపించేది. తల్లికి ముద్దలు పెడుతూ పెరిగిన ఆ పిల్ల, లేత్ మిషన్ షాపువాళ్ళబ్బాయి నాగూర్ వలితో కలిసి తొడిమలు తీసే యంత్రం తయారుచేసింది. వాళ్ళిద్దరూ కలిసి పనిచేయడానికి మా కాలేజీ అనుమతించింది. సోమ బుధ శుక్రవారాల్లో ఆ అమ్మాయి, మిగతా రోజుల్లో ఆ అబ్బాయి.

స్విట్జర్లాండ్‌లో బ్రిగ్ అనే ఊళ్ళో ఒక వర్క్‌షాపువాళ్ళు విద్యార్థుల యంత్రాలకు పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళ యంత్రాన్ని మెరుగుపరిచి, పది తయారుచేసి ఇస్తారు. ఆ పదీ వాళ్ళమ్మ పనిచేసే షెడ్డుకే వెళ్ళాలని పరిమళ పట్టుదల. ఆమె వంతు గురువారం మధ్యాహ్నం రెండున్నరకి. నాలుగింటికి పోటీ ముగింపు. మా యాత్రలో బ్రిగ్ ఉన్నది అందుకే.

బయల్దేరేముందు యంత్రం మీద డిసిప్లిన్ కమిటీ మూడు గంటలు చర్చించింది. తొమ్మిదో నిబంధన ప్రకారం అమ్మాయిల సామాను, అబ్బాయిల సామాను ఒకేచోట ఉండకూడదు. మరి యంత్రం ఎవరి సామాను? బరువుగా ఉంది కాబట్టి యంత్రం అబ్బాయిల సామాననీ, పరిమళ సొంతంగా చేసింది కాబట్టి దాన్ని నడిపే కంట్రోల్ బాక్సు అమ్మాయిల సామాననీ తీర్మానించారు. మిరపకాయల గురించి ఏకాభిప్రాయం కుదరలేదు. ఘాటును దృష్టిలో పెట్టుకుని అబ్బాయిలకే కేటాయించారు.

*

ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో ఎస్కలేటర్ ఎక్కడంతో మా ఆలస్యాలు మొదలయ్యాయి. తొమ్మిదిమంది అమ్మాయిలు పైకి వెళ్ళారు. మేం కింద పది నిమిషాలు నిలబడ్డాం. పైకి వెళ్ళేసరికి రైలు పోయింది. పారిస్‌లో పడవ షికారుకి రెండు పడవలు మాట్లాడుకున్నాం. మా పడవ నడిపే ఆయన ముందు పడవని దాటబోతే, నేను లేచి రెండు చేతులూ ఊపి ఆపాను. నది మధ్యలో పడవ ఎందుకు ఆపమంటున్నానో ఆయనకి అర్థం కాలేదు. చర్చి ఏదైనా చూసి ప్రార్థన చేసుకుంటున్నామనుకుని టోపీ తీశాడు పాపం.

నాలుగు రోజుల్లో ఐదు రైళ్ళు తప్పిపోయాయి. ఆ దేశాల్లో రైళ్ళు వేళకే వచ్చాయి. ఆలస్యం మేమే వెంట తీసుకెళ్ళాం.

గురువారం పొద్దున బెర్న్‌లో రైలెక్కాం. ఈ రైలు స్పీజ్ అనే స్టేషన్లో రెండుగా విడిపోతుంది. ముందు సగం బ్రిగ్ మీదుగా ఇటలీ వెళ్తుంది. వెనక సగం జ్వైసిమెన్ అనే కొండ ఊరికి పోతుంది. ఈ సంగతి బోర్డు మీద రాసుంది, మైకులో నాలుగు భాషల్లో చెప్పారు, టికెట్ కలెక్టర్ వచ్చి చేతులతో విరిచి చూపించాడు కూడా. మేం తెలియక ఎక్కామని తర్వాత పేపర్లో కొందరు రాశారు. అది అబద్ధం. మాకు అన్నీ తెలుసు.

చిక్కెక్కడంటే, ముందు సగంలో బోగీకీ బోగీకీ మధ్య తలుపుల్లేవు. ఈ చివరినుంచి ఆ చివరికి ఒకటే పొడవాటి గది. అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకే గదిలో ప్రయాణించకూడదు. అందుకే అబ్బాయిలు ముందు సగంలో, అమ్మాయిలు వెనక సగంలో ఎక్కారు. స్పీజ్ చేరేలోగా అమ్మాయిలను ముందుకి మార్చడానికి ప్రత్యేక అనుమతి కోరుతూ కాలేజీకి ఫోన్ చేశాను.

ప్రిన్సిపాల్ గారి పి.ఎ. శేషగిరి ఎత్తాడు.

"సార్, కమిటీని పిలిపిస్తున్నారు. ఇద్దరు మెంబర్లు క్లాసులో ఉన్నారు."

"శేషగిరీ, ముప్పై నిమిషాల్లో రైలు విడిపోద్ది."

"ఆ మాట కూడా నోట్‌లో రాశాను సార్. 'రైలు విడిపోవు అవకాశము కలదు' అని."

"అవకాశం కాదయ్యా! విడిపోద్ది!"

"అట్టాగే రాస్తే కమిటీ మీద ఒత్తిడి తెచ్చినట్టుంటది సార్."

పదకొండు యాభై రెండుకి స్పీజ్‌లో రైలు విడిపోయింది. పదకొండు యాభై ఐదుకి నా ఫోన్‌కి అనుమతి పత్రం వచ్చింది. ఐదుగురి సంతకాలు, స్టాంపు, అన్నీ ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే వెనక సగం కుడివైపు కొండ మలుపు తిరుగుతోంది. ఒక కిటికీకి పరిమళ ముఖం ఆనించి ఉంది. చేతిలో కంట్రోల్ బాక్సు.

"సార్," అన్నాడు నాగూర్ యంత్రం మీద చెయ్యి వేసుకుని, "దీని మెదడు అటు పోయింది."

*

ఒంటిగంట దాటాక బ్రిగ్ చేరాం. అక్కడ రైలు తొమ్మిది నిమిషాలు ఆగుతుంది. యంత్రం దించుకుని, అమ్మాయిలు తర్వాతి రైల్లో వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే సరిపోయేది. అబ్బాయిలు లేచి సంచులు భుజాన వేసుకున్నారు.

అప్పుడే ఫోన్ మోగింది. ఈసారి స్వయంగా ప్రిన్సిపాల్ గారు.

"పట్టాభి గారూ, ఎక్కడున్నారు?"

"బ్రిగ్ వచ్చాం సార్. దిగుతున్నాం."

"అమ్మాయిలు దిగారా?"

"వాళ్ళు వేరే ఊళ్ళో ఉన్నారు సార్."

"నేనడిగింది దిగారా లేదా అని."

"ఇక్కడ... దిగలేదు సార్."

"అమ్మాయిలు దిగకుండా అబ్బాయిలు ఎలా దిగుతారు? పద్నాలుగో నిబంధన మీరు చదివే వెళ్ళారా?"

"సార్, ఈ రైల్లో అసలు అమ్మాయిలే లేరు."

"నిబంధనలో 'ఈ రైలు' అన్న మాట లేదు. ఆ స్టేషన్లో విద్యార్థినులు దిగినట్లు లిఖితపూర్వక ధ్రువీకరణ ఉండాలి. వారి సంతకాలతో. అంతవరకు యథాస్థితి కొనసాగించండి."

తొమ్మిది నిమిషాలూ యథాస్థితి కొనసాగించాం. తలుపులు మూసుకున్నాయి. రైలు కొండ కిందికి దూరింది. చాలాసేపు చీకటి. సిగ్నల్ పోవడంతో ప్రిన్సిపాల్ గారు ఒక వాక్యం మధ్యలో ఆగిపోయారు. మళ్ళీ వెలుగొచ్చేసరికి బోర్డుల మీద భాష మారిపోయింది.

"ఇటలీరోయ్!" అని వెనకనుంచి అరిచారు అబ్బాయిలు.

నాగూర్ అరవలేదు. "సార్, వాళ్ళమ్మ చేతులు మీరెప్పుడైనా చూశారా?" అని మాత్రం అడిగి, యంత్రం పక్కన నేలమీద కూర్చున్నాడు.

డొమోడొస్సోలాలో రైలు ఆఖరు. అందరూ దిగాల్సిందేనని గార్డు నిలబడి ఊడ్చేసినంత పని చేశాడు. అలా మాకు ఇటలీ ప్రభుత్వ ఉద్యోగి ఒత్తిడి వల్ల దిగే అవకాశం కలిగింది. నివేదికలో అలాగే రాశాను.

ప్లాట్‌ఫారం మీద నిలబడ్డామో లేదో ఫోన్. తెలియని నంబరు.

"సార్, పరిమళని. మీకు నేను డైరెక్టుగా చేయకూడదని తెలుసు. దమయంతి మేడమ్ ఆఫీసుకి చేస్తే, శేషగిరి గారు మీకు చేస్తే, మీరు..."

"ఎక్కడున్నారమ్మా?"

"వెనక్కి స్పీజ్ వచ్చాం సార్. రెండు నలభైకల్లా బ్రిగ్‌లో ఉంటాం. పోటీవాళ్ళతో మాట్లాడాను. నా వంతు చివరికి జరిపారు. మిషన్ బ్రిగ్‌లోనేగా?"

"ఇటలీలో."



"ఇటలీ ఎందుకెళ్ళింది సార్?"

"మీరు దిగలేదని."

"మేం దిగలేదని... మీరు ఇటలీ వెళ్ళారా?"

"పద్నాలుగో నిబంధనమ్మా. సంతకాలతో ధ్రువీకరణ కావాలంట."

పక్కనుంచి దమయంతి మేడమ్ గొంతు ఖంగున వినిపించింది. ఆవిడ ఫిజికల్ డైరెక్టర్. మైదానం ఆ చివరున్నవాళ్ళకి ఈల లేకుండా వినిపించగల మనిషి. "ఏందంటాడు ఆయన? ఇటలీనా? ఏం, రోము దాకా పోయి పోప్ గారి సంతకం కూడా తెమ్మను!"

"మేడమ్, మీరు ఆఫీసు ద్వారా మాట్లాడాలి," అని గుర్తుచేశాను. అవతల ఫోన్ పెట్టేశారు.

*

రెండు నలభై ఎనిమిదికి తిరుగు రైలుంది. అది ఎక్కితే మూడుంపావుకి బ్రిగ్. అది తప్పితే పోటీ అయిపోతుంది. ప్రవేశానికి కూడా ఇదే వరుస అని నిబంధన చివర్లో ఉన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. ముందు అమ్మాయిలు ఎక్కాలి.

రెండున్నరయింది. ప్లాట్‌ఫారం మీద ఐదుగురు ఇటలీ ముసలమ్మలు కొండెక్కే కర్రలు పట్టుకుని వచ్చారు. నాగూర్ వాళ్ళవైపు చూశాడు. నావైపు చూశాడు.

"సార్, రూల్లో ఏ అమ్మాయిలో రాసుందా?"

ముసలమ్మలు రెండు ముప్పై ఆరుకి రైలెక్కారు. వెంటనే శేషగిరికి ఫోన్ చేసి, ఐదుగురు మహిళలు ఎక్కారని చెప్పి, ఫొటో పంపాను. ఇండియాలో సాయంత్రం ఆరు దాటింది. శేషగిరి ఫొటోని ప్రిన్సిపాల్ గారికి పంపి, ఆయన్ని లైన్లో కలిపాడు.

"పట్టాభి గారూ, వీళ్ళంతా మన విద్యార్థినులేనా?"

"మహిళలు సార్."

"వయసెక్కువలా కనిపిస్తోంది."

"కొంచెం ఎక్కువే సార్."

ప్రిన్సిపాల్ గారు నిట్టూర్చారు. "బ్యాక్‌లాగులన్నమాట. మన దగ్గర ఇంత పాత బ్యాచ్‌లున్నాయా! సరే, పది నిమిషాలు లెక్కపెట్టి ఎక్కించండి."

లెక్కపెట్టాం. పన్నెండుమంది అబ్బాయిలు యంత్రం చుట్టూ నిలబడి స్టేషన్ గడియారం వైపే చూస్తున్నారు. రెండు నలభై. ఒక ముసలమ్మ కిటికీలోంచి రమ్మని చెయ్యూపింది. మేం చేతులు కట్టుకున్నాం. రెండు నలభై నాలుగు. గార్డు ఈల నోట్లో పెట్టుకున్నాడు. ముసలమ్మలు ఐదుగురూ లేచి, పాపం వీళ్ళకి రైలెక్కడం తెలియదేమోనని, సైగలతో మెట్లెలా ఎక్కాలో చూపించడం మొదలుపెట్టారు. రెండు నలభై ఐదు. నాగూర్ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, సెకన్లో తెలియదు.

రెండు నలభై ఆరు.

"ఎక్కండ్రా!"

ముప్పై ఎనిమిది కిలోలు ఆ రోజు పూచికపుల్లలా లేచింది. మా వెనకే తలుపు మూసుకుంది. ముసలమ్మల్లో పెద్దావిడ నాగూర్ బుగ్గ నిమిరింది. అది ముప్పై రెండో నిబంధన కిందికి వస్తుంది. నేను చూడలేదు.

మూడు పదహారుకి బ్రిగ్. తలుపు తెరుచుకుంది. ముసలమ్మలు కదల్లేదు. వాళ్ళు ఇంకా ముందుకెళ్ళాలి. రైల్లో ఎక్కిన మహిళలు రైల్లోనే ఉన్నారు. నేను తలుపు దగ్గర ఒక కాలు లోపల, ఒక కాలు గాల్లో పెట్టి నిలబడిపోయాను. నాలుగు నెలల్లో పర్మనెంటు. జేబులో ఫోన్ మోగుతోంది.

ప్లాట్‌ఫారం మీద పరిమళ నిలబడి ఉంది. పరుగెత్తుకొచ్చి నా చేతిలో ఒక కాగితం పెట్టింది.

"క్రింద సంతకము చేసిన మేము తొమ్మండుగురము విద్యార్థినులము, ఈ రోజు మధ్యాహ్నము 2.40 గంటలకు బ్రిగ్ స్టేషను నందు దిగితిమనియు, నేటికిని దిగియే యున్నామనియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాము." కింద తొమ్మిది సంతకాలు. దానికింద దమయంతి మేడమ్ సంతకం, పక్కన తారీఖు.

"ముప్పై ఆరు నిమిషాలైంది సార్ మేం దిగి," అంది ఆయాసపడుతూ. "పదే కదా కావాల్సింది?"

నా సర్వీసు మొత్తంలో అంత నిర్దోషమైన కాగితం నేను చూడలేదు. గాల్లో ఉన్న కాలు కింద పెట్టాను.

*

వర్క్‌షాపు స్టేషన్‌కి ఎదురుగానే ఉంది. మేం లోపలికి వెళ్ళేసరికి మూడున్నర. యంత్రంలో నాగూర్ కాయలు పోయాలి. మూరెడు దూరంలో నిలబడి పరిమళ కంట్రోల్ బాక్సు చూసుకోవాలి. వాళ్ళిద్దరి మధ్య ఆరడుగుల దూరం ఉండాలని ఇరవయ్యో నిబంధన. ఆ సమయంలో నేను కిటికీలోంచి మంచుకొండ చూస్తున్నాను. నివేదికలో కూడా కొండ గురించే రాశాను.

న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దావిడ, చేత్తో తీస్తే ఎంతసేపు పడుతుందో చూస్తానని గుప్పెడు కాయలు తీసుకుని తొడిమలు తుంచడం మొదలుపెట్టింది. ఇరవై కాయలకే ఆగి వేళ్ళు చూసుకుంది. కుళాయి కింద పెట్టింది. మంట తగ్గలేదు.

"మీ ఊళ్ళో రోజుకి ఎంతసేపు చేస్తారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"తొమ్మిది గంటలు," అంది పరిమళ. "పెరుగుంటే తగ్గుద్ది. తెప్పించమంటారా?"

యంత్రం తిరిగింది. ఒక తట్టలోకి కాయలు, ఇంకో తట్టలోకి తొడిమలు. మూడు కిలోలు ఆరు నిమిషాల్లో అయిపోయాయి. హాలంతా తుమ్ముతూనే చప్పట్లు కొట్టింది.

ఫలితం సాయంత్రం చెప్పారు. పది యంత్రాలూ తయారుచేస్తారట. పరిమళ కంట్రోల్ బాక్సు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద తల ఆనించి, ఏడ్చింది. నాగూర్ ఆరడుగుల అవతలికి వెళ్ళి ఏడ్చాడు. ఆ సమయానికి నిబంధన సక్రమంగానే అమలైంది.

*

తిరిగొచ్చిన పది రోజులకు ఆడిటోరియంలో సన్మానం. కుడివైపు ఆరువందలమంది అమ్మాయిలు, ఎడమవైపు ఎనిమిదివందలమంది అబ్బాయిలు. కుడి తలుపు తెరిచి ఉంది. ఎడమ తలుపుకి బయట తాళం. అమ్మాయిలు వెళ్ళిన పది నిమిషాలకు దాన్ని తీస్తారు.

భుజంగరావు గారు మైకు ముందుకొచ్చారు.

"మన విద్యార్థినులు, విద్యార్థులు ఏకకాలంలో రెండు వేర్వేరు దేశాల్లో పర్యటించడం రాష్ట్ర విద్యాచరిత్రలో అపూర్వం. ఈ విజయానికి మూలం దూరం. ఈ యంత్రాన్నే చూడండి. కాయలొకవైపు, తొడిమలొకవైపు! మన కాలేజీ సిద్ధాంతం ఇందులో మూర్తీభవించింది. వచ్చే ఏడాది అమ్మాయిలు యూరప్ వెళ్తారు, అబ్బాయిలు ఆస్ట్రేలియా వెళ్తారు. ఇప్పుడు యంత్రాన్ని ప్రారంభిస్తున్నాం."

యంత్రం ప్రారంభం కాలేదు. పరిమళ స్టేజీకి కుడి చివర, నాగూర్ ఎడమ చివర కూర్చున్నారు. కంట్రోల్ బాక్సు తీగ పొడవు మూరెడు. తీగ పొడిగించాలా, నిబంధన సడలించాలా అని కమిటీ సభ్యులు తెర వెనక్కి వెళ్ళారు. పావుగంట గడిచింది.

మొదటి వరుసలోంచి నాంచారమ్మ లేచింది. ఆ పూట కూలి మానుకుని వచ్చింది.

"ఏందయ్యా ఈ ఆలీసం?" అంటూ మెట్లెక్కింది. "అమ్మాయ్, నువ్విటు రా. బాబూ నాగూరూ, నువ్వా పక్కన నిలబడు. ఇంత కాయ పొయ్యి, చూద్దాం."

తల్లుల గురించి నలభై ఒక్క నిబంధనల్లో ఎక్కడా లేదు. భుజంగరావు గారు నోరు తెరిచి, నావైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. అక్కడ కొండ లేదు. అయినా చూశాను.

బస్తా మొత్తం పోసేశాడు నాగూర్. స్విట్జర్లాండ్‌లో తిరిగింది మూడు కిలోలకే. ఇక్కడ ముప్పై. పైగా ఫ్యాన్లన్నీ ఐదు మీద ఉన్నాయి.

మొదటి తుమ్ము ప్రిన్సిపాల్ గారిదే. మైకులో వచ్చింది కాబట్టి అందరికీ వినిపించింది. తర్వాత ఎవరి తుమ్ము ఏదో తెలియలేదు. పద్నాలుగు వందలమంది కళ్ళు మూసుకుని, ముక్కులు పట్టుకుని, తెరిచి ఉన్న ఒకే ఒక్క తలుపు వైపు పరుగెత్తారు. కుర్చీలు పడ్డాయి, చెప్పులు పోయాయి. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, "ఇటు రా, ఇటు" అని ఒకరినొకరు లాక్కుంటూ బయటపడ్డారు. ఆ గుంపు మధ్యలో, దమయంతి మేడమ్ కొంగు చివర పట్టుకుని, భుజంగరావు గారు కూడా ఉన్నారు. ఎవరు ముందు బయటికొచ్చారో, ఎన్ని నిమిషాలకు ఎవరు వచ్చారో రాసుకోవడానికి చూపున్న మనిషి లేడు.

లోపల యంత్రం తిరుగుతూనే ఉంది. నేను తలుపు దగ్గర రుమాలు అడ్డం పెట్టుకుని చూశాను. పరిమళా నాగూరూ తుమ్ముతూ చెరో పక్క పట్టుకుని నిలబడి ఉన్నారు. నాంచారమ్మకి తుమ్ము రాలేదు. ఆవిడ తట్టలోంచి ఒక కాయ తీసి, తొడిమ ఉండాల్సిన చోట బొటనవేలితో తడిమి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"శుభ్రంగానే పోయిందే," అంది.